సైబర్ సెక్యూరిటీ సర్టిఫికెట్ ఉంటే సర్కారు కొలువు వస్తుందా?

విభాగం: చదువులు – ఉద్యోగాలు (శ్రీకాకుళం, విజయనగరం)

నాగావళి_కిరణ్ (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. 2023లో బీటెక్ సీఎస్‌ఈ అయింది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఇల్లు. ప్రస్తుతం బ్యాంకు పరీక్షలు రాస్తున్నాను, మధ్యలో నెట్‌వర్కింగ్ నేర్చుకున్నాను, సైబర్ సెక్యూరిటీ మీద మనసు పడింది.

మొన్న విశాఖలో ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్తే సీఈహెచ్, సెక్యూరిటీ ప్లస్ అనే రెండు సైబర్ సర్టిఫికెట్లు కలిపి ప్యాకేజీ చెప్పారు. ఫీజు లక్ష దాటింది. కౌన్సెలర్ ఒక చార్టు తీసి టేబుల్ మీద పరిచాడు. గడులు గడులుగా ఉంది. ఒక్కో గడికి ఐఏటీ 1, ఐఏటీ 2, ఐఏఎం 1 అని పేర్లు, లోపల సర్టిఫికెట్ల పేర్లు. "ఇది గవర్నమెంటు పట్టిక. ఇందులో ఉన్న సర్టిఫికెట్ చేతిలో ఉంటే గవర్నమెంట్ సైబర్ ఉద్యోగానికి ఎలిజిబుల్" అన్నాడు. ఏ గవర్నమెంటండీ అంటే మాట మార్చేశాడు. నాన్నగారు రిటైర్మెంట్ డబ్బుల్లోంచి ఇస్తానంటున్నారు. అందుకే టెన్షన్. ఆ చార్టు నిజమేనా? మన దగ్గర ఏ ఉద్యోగానికి ఏ సర్టిఫికెట్ అడుగుతారు?

గంటస్తంభం_బాబు (విజయనగరం)

ఏ గవర్నమెంటో చెప్పకపోతే అది కచ్చితంగా మనది కాదు గురూ. డబ్బు కట్టకు. తెలిసినవాళ్లు వచ్చేదాకా ఆగు.

బొబ్బిలి_టు_వర్జీనియా

తమ్ముడూ, ఆ చార్టు నేను రోజూ చూసిందే. అది అమెరికా రక్షణ శాఖది. 2005లో 8570.01-ఎం అని ఒక మాన్యువల్ తెచ్చారు, ఆ గడులు అందులోవి. సిస్టమ్స్ మీద చేతులు పెట్టి పనిచేసేవాళ్లకి ఐఏటీ మూడు లెవెళ్లు, పర్యవేక్షణ చేసేవాళ్లకి ఐఏఎం మూడు లెవెళ్లు. ఐఏటీ రెండో లెవెల్ గడిలో సెక్యూరిటీ ప్లస్ ఉండేది, మూడో లెవెల్లో సీఐఎస్‌ఎస్‌పీ (సీనియర్ల సెక్యూరిటీ సర్టిఫికెట్). దాడులు పసిగట్టి స్పందించే టీముల గడుల్లో సీఈహెచ్. చాలామంది సెక్యూరిటీ ప్లస్ రాయడానికి అసలు కారణం ఆ ఒక్క గడే.

అయితే ఆ పట్టిక కూడా పాతబడిపోయింది. 2023 ఫిబ్రవరిలో 8140.03 మాన్యువల్ వచ్చింది. ఇప్పుడు లెవెళ్లు కాదు, పని పాత్రలు. నువ్వు కూర్చునే సీటుకి ఒక వర్క్ రోల్ కోడ్ ఉంటుంది, దానికి బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు స్థాయిలు. ఏ స్థాయికైనా పునాది అర్హతకి దారి ఒక్కటే కాదు. గుర్తింపు ఉన్న డిగ్రీ కావచ్చు, నిర్దేశించిన ట్రైనింగ్ కావచ్చు, సర్టిఫికెట్ కావచ్చు. ఆ పైన సీట్లో కూర్చున్నాక పని చేసి చూపించాలి, దానికి వేరే మదింపు ఉంటుంది. ఈ రెండోది గురించి కోచింగ్ వాళ్లు ఎవరూ చెప్పరు.

ఇంకో తేడా కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగులకైతే చేరాక 9 నెలల గడువు ఇస్తారు. నాలాంటి కాంట్రాక్టర్లకి ఆ వెసులుబాటు లేదు, పని మొదలయ్యే రోజుకే పునాది అర్హత చేతిలో ఉండాలి. అందుకే సర్టిఫికెట్ల గిరాకీ అంతా కాంట్రాక్టు కంపెనీల వైపే.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది: వీటిలో చాలా ఉద్యోగాలకి క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి) కావాలి, క్లియరెన్స్‌కి అమెరికా పౌరసత్వం ఉండాలి. నేను కూడా పౌరసత్వం వచ్చాకే ఇటు వచ్చాను. హెచ్1బీ మీద వచ్చి రక్షణ శాఖలో చేరిపోవచ్చని ఎవరైనా చెబితే నవ్వేసి బయటికొచ్చేయ్.

నాగావళి_కిరణ్

అన్నా, చాలా థ్యాంక్స్. మరి మనకి ఇలాంటి పట్టిక లేదా? ఉంటే లింకు అక్కర్లేదు, పేరు చెప్పినా వెతుక్కుంటాను.

ఆడిట్_అప్పన్న (విజయనగరం)

కిరణ్ బాబూ, నేను సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఎంప్యానెల్ చేసిన, అంటే ఆమోదించి జాబితాలో పెట్టిన ఒక ఆడిట్ సంస్థలో పనిచేస్తాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

అలాంటి పట్టిక మనకి లేదు. నాస్కామ్ (ఐటీ కంపెనీల సంఘం) వాళ్ల సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సెక్యూరిటీ ఎనలిస్ట్ లాంటి పాత్రలకి నైపుణ్య ప్రమాణాలు రాసింది గానీ, ఫలానా ప్రభుత్వ పోస్టుకి ఫలానా సర్టిఫికెట్ అని కట్టిపడేసే ఉత్తర్వు కాదది. మన దగ్గర సర్టిఫికెట్ మాట ఎక్కడ కనబడుతుందో తెలియాలంటే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒకటి ఉద్యోగ నోటిఫికేషన్, రెండోది టెండరు.

ముందు నోటిఫికేషన్. ఎన్‌ఐసీ (ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు చూసే కేంద్ర సంస్థ) 2023లో 598 పోస్టులు వేసింది. సైంటిస్ట్-బి, సైంటిఫిక్ ఆఫీసర్, టెక్నికల్ అసిస్టెంట్. జిల్లా కలెక్టరేట్లో ఎన్‌ఐసీ గదిలో కూర్చునే వాళ్లు ఈ కేడర్ల నుంచే వస్తారు. అర్హతలు చదివితే బీఈ, బీటెక్, ఎంసీఏ, పాత డోయెక్ కంప్యూటర్ కోర్సు బి-లెవెల్, ఇలా చదువులే ఉంటాయి. సీఈహెచ్ లేదు, సీఐఎస్‌ఎస్‌పీ లేదు, సెక్యూరిటీ ప్లస్ లేదు. రాత పరీక్షలో 120 ప్రశ్నలు, అందులో 65 శాతం టెక్నికల్. నీ దగ్గర అరడజను సర్టిఫికెట్లున్నా ఒక్క మార్కు కలవదు. పరీక్ష బాగా రాసినవాడిదే సీటు.

గ్రామీణ బ్యాంకు స్కేల్-2 ఐటీ ఆఫీసర్ నోటిఫికేషన్ తీసి చూడు, నవ్వొస్తుంది. 'ఉంటే మంచిది' అనే వరుసలో ఏఎస్‌పీ, పీహెచ్‌పీ, సీ ప్లస్ ప్లస్, జావా, వీబీ, వీసీ, ఓసీపీ అని ఉంటాయి. వీబీ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు ఇప్పుడు రిటైర్మెంటుకి దగ్గరపడి ఉంటారు. సెక్యూరిటీ సర్టిఫికెట్ ఊసే లేదు.

ఇప్పుడు టెండరు. ప్రభుత్వ శాఖ ఒక పోర్టల్ కట్టించాలన్నా, డేటా సెంటర్ కాపలాకి మనుషుల్ని పెట్టాలన్నా, ఆడిట్ చేయించాలన్నా ఆర్‌ఎఫ్‌పీ (టెండరు పత్రం) వేస్తుంది. దాని చివర్లో 'కీలక సిబ్బంది' అని ఒక పట్టిక ఉంటుంది. ప్రాజెక్ట్ మేనేజర్, సెక్యూరిటీ ఎక్స్‌పర్ట్, ఎల్1 (మొదటి అంచె) ఎనలిస్ట్, ఎల్2 (రెండో అంచె) ఎనలిస్ట్ అని వరుసగా రాసి, ఎదురుగా చదువు, అనుభవం, సర్టిఫికెట్. నువ్వు వెతికే చార్టు అదే. కాకపోతే దేశానికంతటికీ ఒకటి కాదు, ప్రతి టెండరుకీ ఒకటి. శాఖ మారితే పట్టిక మారుతుంది, కన్సల్టెంట్ మారితే కూడా మారుతుంది. సీవీలకి మార్కులుంటాయి, సర్టిఫికెట్ ఉన్న సీవీకి ఎక్కువ.

మా సంగతి కూడా అంతే. ప్రభుత్వ వెబ్‌సైటు ఎన్‌ఐసీ సర్వర్ల మీదకి ఎక్కాలంటే ఆడిట్ జరగాలి. మేం లోపాలు వెతికి, వాళ్లు సరిచేశాక మళ్లీ పరీక్షించి, 'సేఫ్ టు హోస్ట్' అని రాసిస్తాం. మా సంస్థ ఎంప్యానెల్ అవ్వాలంటే సీఐఎస్‌ఎస్‌పీ, సీఐఎస్‌ఏ (ఆడిటర్ల సర్టిఫికెట్), ఐఎస్‌ఓ 27001 (సమాచార భద్రతా ప్రమాణం) లీడ్ ఆడిటర్ లాంటివి ఉన్న మనుషుల్ని చూపించాలి. ఆ వెబ్‌సైటు చూసుకునే ప్రభుత్వ అధికారికి అవేవీ ఉండనక్కర్లేదు. ప్రభుత్వ శాఖల్లో సీఐఎస్‌ఓని (సమాచార భద్రత చూసే ముఖ్య అధికారిని) పెట్టాలని నియమం ఉంది, చాలాచోట్ల అది వేరే పని చూసుకునే అధికారికి అదనపు బాధ్యత.

కాబట్టి మన దగ్గర సర్టిఫికెట్ అడిగేది ప్రభుత్వ ఉద్యోగిని కాదు, ప్రభుత్వానికి పనిచేసే కంపెనీ మనిషిని. నీకు కావాల్సింది ఈ రెండు కుర్చీల్లో ఏదో ముందు తేల్చుకో. తర్వాత ఫీజు సంగతి.

పలాస_జీడిపప్పు

అప్పన్న గారూ, అంత చదివాక నాకు అర్థమైంది ఒక్కటే: సర్టిఫికెట్లు దండగ. గేట్ పరీక్ష రాసుకో కిరణ్.

ఆడిట్_అప్పన్న

దండగ అని నేనెక్కడన్నాను బాబూ? నా జీతం దాని మీదే నడుస్తోంది.

సాక్_నైట్‌షిఫ్ట్ (రాజాం, ప్రస్తుతం విజయవాడ)

అప్పన్న గారు చెప్పిన రెండో కుర్చీలో ఉన్నవాణ్ని నేను. ఒక ప్రభుత్వ ప్రాజెక్టుకి సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్లో ఎల్1. రాత్రి షిఫ్టు. పని ఎలా ఉంటుందో చెప్తా, అప్పుడు సర్టిఫికెట్ విలువ మీకే తెలుస్తుంది.

తెల్లవారుజామున మూడింటికి స్క్రీన్ మీద అలర్ట్ పడుతుంది. ఏదో జిల్లా ఆఫీసు కంప్యూటర్ నుంచి ఒకే అకౌంట్‌కి వరసగా తప్పు పాస్‌వర్డులు, ఆ వెంటనే ఒక సక్సెస్. దాడా, లేక పాస్‌వర్డు మార్చాక పాతది పట్టుకుని వేలాడుతున్న ఏదో షెడ్యూల్డ్ టాస్కా? ఆ ఐపీ ఏ ఆఫీసుదో, ఆ టైములో అక్కడ మనుషులుంటారా, ఆ అకౌంట్ ఇంతకుముందు ఎక్కడి నుంచి లాగిన్ అయిందో, అన్నీ లాగుల్లో (కంప్యూటర్లు నమోదు చేసుకునే రికార్డుల్లో) వెతకాలి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంఘటన తెలిసిన 6 గంటల్లోపు రిపోర్టు వెళ్లాలి, లాగులు 180 రోజులు దాచాలి. గడియారం నడుస్తుంటుంది. సెక్యూరిటీ ప్లస్ పుస్తకం నాకు ఇక్కడ పనికొచ్చింది, నిజం చెప్పాలి. ఏ మాటకి ఏ అర్థమో, ఏది ముందు ఏది వెనక అనే క్రమం అబ్బింది. కానీ విండోస్ ఈవెంట్ లాగు చదవడం మాత్రం ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద లాబ్ పెట్టుకుని నేర్చుకున్నదే.

ఇక కడుపుమంట. నేను ఇంతకుముందు పనిచేసిన కంపెనీ (పేరు వద్దు) ఒక టెండరుకి నా సీవీ, నా సర్టిఫికెట్ కాపీ తీసుకుంది. పని వాళ్లకి వచ్చింది. సీట్లో మాత్రం వేరేవాణ్ని కూర్చోబెట్టారు, తక్కువ జీతానికి. 'సమాన అర్హత గల ప్రత్యామ్నాయం' అని శాఖకి లెటరు పెట్టారట. నన్నేమో బెంచి మీద ఉంచి కొన్నాళ్లకి పొమ్మన్నారు. మీ సీవీ టెండర్లోకి ఎక్కించేముందు ఏ ప్రాజెక్టు, ఏ పాత్ర, ఎన్నాళ్లు అని మెయిల్లో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

గంటస్తంభం_బాబు

పెళ్లిచూపుల్లో ఒకర్ని చూపించి పీటల మీద ఇంకొకర్ని కూర్చోబెట్టినట్టుందే!

మోడరేటర్

కంపెనీల పేర్లు, కోచింగ్ సెంటర్ల పేర్లు ఎవరూ రాయకండి. ప్రైవేట్ మెసేజ్‌లో అడుగుతున్నవాళ్లకి కూడా ఇదే మాట. చర్చ బాగా నడుస్తోంది, కానివ్వండి.

సచివాలయం_సుజాత (చీపురుపల్లి వైపు)

నేను గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. ఐగాట్ కర్మయోగిలో (ప్రభుత్వ ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ వేదిక) సైబర్ సెక్యూరిటీ కోర్సులు పూర్తిచేశాను, సర్టిఫికెట్లు డౌన్‌లోడ్ అయ్యాయి. ఇవి పట్టుకుని సెక్యూరిటీ వైపు డిప్యుటేషన్ అడగొచ్చా? మా దగ్గర పాస్‌వర్డు కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించే పద్ధతి ఇంకా పోలేదు. మాన్పించాలని నా తాపత్రయం.

ఆడిట్_అప్పన్న

సుజాత గారూ, ఐగాట్ కోర్సులు అవగాహన కోసం. ఉన్నచోట పని పద్ధతి మార్చడానికి పనికొస్తాయి, పోస్టు మార్చడానికి చాలవు. కానీ మీ చేతిలో వేరే ఆయుధం ఉంది. 2023 జూన్ 30న సెర్ట్-ఇన్ ప్రభుత్వ సంస్థల కోసం సమాచార భద్రతా మార్గదర్శకాలు విడుదల చేసింది. పాస్‌వర్డుల దగ్గర్నుంచి పెన్‌డ్రైవుల దాకా ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఉంది. దాన్ని ప్రింటు తీసి మీ పై అధికారికి చూపించండి. మీరు చెబితే చాదస్తం అంటారు, ఢిల్లీ కాగితం చెబితే రూలు అంటారు.

బయటి పోస్టుకి అప్లై చేస్తే మాత్రం ఎన్‌వోసీ (మీ శాఖ నిరభ్యంతర పత్రం) ముందే పెట్టుకోండి. సర్టిఫికెట్ లేక ఆగిపోయినవాళ్ల కంటే ఎన్‌వోసీ లేక వెనక్కి వచ్చినవాళ్లనే నేను ఎక్కువ చూశాను.

1930_డ్యూటీ

పోలీసు శాఖలో ఉన్నాను, జిల్లా చెప్పను. మా వైపు లెక్క పూర్తిగా వేరు. బయటి నుంచి సైబర్ సర్టిఫికెట్ చూసి కానిస్టేబుల్ ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. ముందు దేహదారుఢ్య పరీక్ష పాసవ్వాలి, రాత పరీక్ష రాయాలి, యూనిఫారం వేసుకోవాలి. తర్వాతే సైబర్. లోపలికి వచ్చాక సైట్రెయిన్ అనే సైబర్ శిక్షణ పోర్టల్‌లో కోర్సులు ఉచితం. దర్యాప్తు అధికారికి, ఫోరెన్సిక్ వాళ్లకి, ప్రాసిక్యూటర్లకి వేరువేరు బాటలున్నాయి. సైబర్ సెల్‌కి ఎవర్ని పంపాలి అన్నప్పుడు ఆ కోర్సులు చేసినవాళ్ల పేర్లే ముందు చూస్తారు, ఇది మా దగ్గర నేను చూసిన మాట.

2024 సెప్టెంబరులో కేంద్రం సైబర్ కమాండోల కార్యక్రమం మొదలుపెట్టింది. ఐదేళ్లలో 5,000 మందిని తయారుచెయ్యాలని లక్ష్యం. అది కూడా రాష్ట్ర, కేంద్ర పోలీసు సంస్థల్లో ఇప్పటికే ఉన్నవాళ్లకే. పరీక్ష పెట్టి ఎంచుకుని, పెద్ద విద్యాసంస్థల్లో ఆరు నెలలు నేర్పిస్తారు. 'సైబర్ కమాండో కోర్సు, ఉద్యోగం గ్యారంటీ' అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి.

ఇంకో మాట, ఇది లాయర్లకి, ఫోరెన్సిక్ చదివే పిల్లలకి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) వచ్చింది కదా. అందులో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌కి రెండు భాగాలు. పార్ట్-ఏ ఇచ్చేది ఫోనో హార్డ్ డిస్కో అప్పజెప్పినవాడు. పార్ట్-బి నిపుణుడు ఇవ్వాలి, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర) రాయాలి. మాకు రోజూ పడే తంటా ఆ నిపుణుడి సంతకం దగ్గరే. చేతిలో సీహెచ్‌ఎఫ్‌ఐ అనే ఫోరెన్సిక్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మీరు ఐటీ చట్టం 79ఏ కింద నోటిఫై అయిన ఎగ్జామినర్ అయిపోరు. అది కేంద్రం ల్యాబులకి ఇచ్చే హోదా, మనుషులకి ఇచ్చే పట్టా కాదు.

సిగ్నల్స్_సూర్యనారాయణ (మాజీ సైనికుడు, ఆమదాలవలస)

మన రెండు జిల్లాల్లో ఇంటికొకరు ఫౌజులో ఉన్న ఊళ్లున్నాయి, ఇటు ఎవరూ చూడట్లేదేం? నేవీలో షార్ట్ సర్వీస్ కమిషన్ ఐటీ ఎంట్రీ ఉంది. కంప్యూటర్ డిగ్రీ, మార్కుల శాతం, వయసు, తర్వాత ఎస్‌ఎస్‌బీ (సైనికాధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ. సర్టిఫికెట్ అడగరు. తూర్పు నౌకాదళ కేంద్రం పక్కనే విశాఖలో ఉంది. ఎస్‌ఎస్‌బీలో ఐదు రోజులు నీ మనిషితనం చూస్తారు, నీ సర్టిఫికెట్ ఫైలు కాదు. కిరణ్ బాబూ, నడుము గట్టిగా ఉంటే ఆలోచించు.

బొబ్బిలి_టు_వర్జీనియా

సూర్యనారాయణ గారూ, ఇక్కడా సైనికుల్లో చాలామంది రిటైరయ్యే ముందు సెక్యూరిటీ ప్లస్ రాసి కాంట్రాక్టర్ల దగ్గర చేరిపోతారు. క్లియరెన్స్ ఎలాగూ ఉంటుంది. మన మాజీ సైనికులకి ఆ దారి ఎవరైనా చూపిస్తే బావుణ్ణు.

సిగ్నల్స్_సూర్యనారాయణ

చూపించేది బ్యాంకు ఏటీఎం ముందు సెక్యూరిటీ ఉద్యోగం బాబూ. అదీ సెక్యూరిటీయే కదా.

రాజాం_రమ్య

నాదో ప్రశ్న. టెస్టింగ్‌లో నాలుగేళ్లు చేసి, పిల్లల కోసం మానేశాను. ఇప్పుడు 34. ఎన్‌ఐసీకి వయసు దాటిపోయింది. నాలాంటివాళ్లకి ఈ ప్రభుత్వ సైబర్ లోకంలో ఏమైనా మిగిలిందా?

ఆడిట్_అప్పన్న

మిగిలిందండీ, సర్టిఫికెట్ నిజంగా లెక్కలోకి వచ్చేది మీలాంటివాళ్లకే. మూడు చోట్లు చూడండి.

ఒకటి, ఎస్‌బీఐ లాంటి బ్యాంకుల స్పెషలిస్ట్ కేడర్ ప్రకటనలు. ఐబీపీఎస్ ఐటీ ఆఫీసర్ వేరు, ఇది వేరు. ఇందులో సమాచార భద్రత పోస్టులకి సీఐఎస్‌ఎస్‌పీ, సీఐఎస్‌ఏ, సీఐఎస్‌ఎం లాంటివి కొన్నింటికి తప్పనిసరి అనీ, కొన్నింటికి ఉంటే మేలు అనీ రాస్తారు. వయసు పరిమితి పోస్టును బట్టి మారుతుంది, అనుభవానికి విలువ ఎక్కువ. 2016 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ సైబర్ భద్రత సర్క్యులర్ ఇచ్చాక బ్యాంకులకి ఈ మనుషుల అవసరం పెరిగింది.

రెండు, డిజిటల్ ఇండియా కార్పొరేషన్, సీడాక్ (కేంద్ర కంప్యూటర్ పరిశోధన సంస్థ) లాంటి సంస్థల కాంట్రాక్టు పోస్టులు. సీడాక్‌లో ప్రాజెక్ట్ ఇంజినీర్లని తరచూ తీసుకుంటారు.

మూడు, ఎన్‌ఐసీకి మనుషుల్ని సమకూర్చే ఏజెన్సీలు. నిక్సీ (ఎన్‌ఐసీ అనుబంధ సంస్థ) ఎంప్యానెల్ చేసిన సంస్థల ద్వారా వెళ్లేది. ప్రభుత్వ ఆఫీసులో కూర్చుంటారు, జీతం ఏజెన్సీ ఇస్తుంది. పర్మనెంట్ అనుకుని మాత్రం చేరకండి.

మీకు టెస్టింగ్ అనుభవం ఉంది కాబట్టి వెబ్ అప్లికేషన్ ఆడిట్ దగ్గర దారి. టెస్ట్ కేసు రాయడం, తప్పును మళ్లీ తెప్పించి చూపించడం, రిపోర్టు అర్థమయ్యేలా రాయడం మీకొచ్చు. మా దగ్గర చేరే కుర్రాళ్లకి మొదట రానిది ఆ మూడోదే.

పలాస_జీడిపప్పు

అయితే రమ్య గారు నేరుగా సీఐఎస్‌ఎస్‌పీ రాసేయొచ్చు కదా? మిగతావన్నీ ఎందుకు?

బొబ్బిలి_టు_వర్జీనియా

పరీక్ష ఎవరైనా రాయొచ్చు. బిరుదు మాత్రం అందరికీ రాదు. ఎనిమిది విభాగాల్లో కనీసం రెండింటిలో ఐదేళ్ల పని అనుభవం చూపించాలి, తగిన డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గుతుంది. అది లేకపోతే పాసయ్యాక 'అసోసియేట్'గా ఉండి అనుభవం కూడబెట్టుకోవాలి. సీఐఎస్‌ఏకి కూడా ఐదేళ్ల లెక్కే, అక్కడ కూడా కొంత మినహాయింపు ఉంది. టెండరులో సీఐఎస్‌ఎస్‌పీ అని రాస్తే అసోసియేట్‌తో సరిపెట్టలేరు. ఆ పాత్ర సీనియర్ల కోసం పెట్టింది, ఫ్రెషర్ ఎక్కలేని మెట్టు. కిరణ్‌కి ఎవరైనా సీఐఎస్‌ఎస్‌పీ కోచింగ్ అంటగడితే పరుగు తియ్యమను.

సాక్_నైట్‌షిఫ్ట్

కొత్తవాళ్లకి ఖర్చు సంగతి నేను చెప్తా. సెక్యూరిటీ ప్లస్ పరీక్ష ఫీజే మన వైపు ఫ్రెషర్ నెల జీతాన్ని మింగేస్తుంది. 90 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 90 ప్రశ్నలు, 750 స్కోరు రావాలి. మూడేళ్లకి గడువు అయిపోతుంది, మళ్లీ రెన్యూ చేసుకోవాలి. పని దొరక్కముందే రాసేస్తే ఆ మూడేళ్లలో సగం ఇంట్లోనే కరిగిపోతుంది. మా దగ్గర ఒకతని గడువు కాంట్రాక్టు మధ్యలో అయిపోయింది, శాఖ బిల్లులో కోత పెట్టింది, కంపెనీ అతని మీద పడింది.

చేతిలో డబ్బు లేనివాళ్లు ఐఎస్‌సీ2 (సీఐఎస్‌ఎస్‌పీ ఇచ్చే సంస్థ) వాళ్ల సీసీ అనే మొదటి మెట్టు సర్టిఫికెట్ చూడండి. 2022లో పది లక్షల మందికి శిక్షణ, పరీక్ష ఉచితమని ప్రకటించారు. పాసయ్యాక ఏటా 50 డాలర్ల సభ్యత్వం కట్టాలి, అది మాత్రం ఉచితం కాదు. టెండర్లలో దీని పేరు పెద్దగా కనబడదు, ఇంటర్వ్యూలో మాట కలపడానికి పనికొస్తుంది.

1930_డ్యూటీ

డంపులు (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు) కొనుక్కుని పాసయ్యేవాళ్లకి ఒక ముక్క. దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్లీ రాయనివ్వకపోవచ్చు. డంపు అమ్మేవాడు డబ్బు తీసుకుని మాయమైతే మాకే ఫిర్యాదు చేస్తున్నారు. ఏమని రాసుకోవాలి ఎఫ్‌ఐఆర్?

గంటస్తంభం_బాబు

😂 'దొంగ ప్రశ్నపత్రం అసలుది కాదని తేలింది' అని రాసుకోండి సార్.

సీడాక్_పాత_విద్యార్థి (టెక్కలి)

కిరణ్, లక్ష పెట్టే ఉద్దేశమే ఉంటే హైదరాబాద్ సీడాక్‌లో డీఐటీఐఎస్‌ఎస్ (ఐటీ వ్యవస్థలు, భద్రత) పీజీ డిప్లొమా చూడు. ఆరు నెలలు, పొద్దున్నించి సాయంత్రం దాకా ల్యాబు. సీ-క్యాట్ (సీడాక్ ప్రవేశ పరీక్ష) రాసి ర్యాంకు తెచ్చుకోవాలి. లినక్స్ అడ్మినిస్ట్రేషన్, నెట్‌వర్కులు, ఫోరెన్సిక్స్, ఆడిట్ అన్నీ ఉంటాయి. ఇది చేస్తే ప్రభుత్వ ఉద్యోగం వస్తుందని నేననను, మా బ్యాచ్‌లో ఎక్కువమంది ప్రైవేటులోనే చేరారు. కానీ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చిన డిప్లొమాకి మూడేళ్లకోసారి గడువు తీరదు, రెన్యూవల్ ఫీజు ఉండదు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ కుర్రాళ్లు కూడా అక్కడ కనిపించారు నాకు. భయపడకు.

నాగావళి_కిరణ్

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. ప్యాకేజీ మానేశాం. సీ-క్యాట్‌కి, ఎన్‌ఐసీ సిలబస్‌కి కలిపి చదువుతాను, రెండింట్లో నెట్‌వర్క్స్, ఓఎస్, డేటా స్ట్రక్చర్స్ ఉమ్మడిగానే ఉన్నాయి.

అప్పన్న గారు చెప్పినట్టు ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైట్లో రెండు ఆర్‌ఎఫ్‌పీలు దింపుకుని చూశాను. మీరన్న పట్టిక నిజంగానే ఉంది! ఎల్1కి 'బీటెక్, ఏడాది అనుభవం, సీఈహెచ్ లేదా తత్సమానం' అని ఉంది. రెండోదాంట్లో ఎల్1కి సర్టిఫికెట్టే లేదు. ఈ 'తత్సమానం' అంటే ఏమిటి? సెక్యూరిటీ ప్లస్ చెల్లుతుందా? సీడాక్ డిప్లొమా చెల్లుతుందా? ఎవరు తేలుస్తారు?

ఆడిట్_అప్పన్న

భేష్. ఆ ప్రశ్న అడిగావంటే నువ్వు టెండరు చదవడం మొదలుపెట్టినట్టే.

తేల్చేది టెండరు వేసిన శాఖే. బిడ్లు వెయ్యకముందు ప్రీ-బిడ్ సమావేశం ఉంటుంది. కంపెనీలు తమ సందేహాలు రాసి పంపుతాయి: 'ఫలానా నిబంధనలో సీఈహెచ్‌కి బదులు సెక్యూరిటీ ప్లస్ అంగీకరిస్తారా?' అని. శాఖ జవాబులన్నీ కలిపి కొరిజెండమ్ (సవరణ పత్రం) పేరుతో అదే పేజీలో పెడుతుంది. అసలు పట్టిక కంటే ఆ జవాబుల ఫైలే చదవాలి. ఒక్కోసారి 'అంగీకరిస్తాం' అని ఉంటుంది, చాలాసార్లు 'ఆర్‌ఎఫ్‌పీలో ఉన్నట్టే పాటించండి' అని విసుగ్గా ఉంటుంది. ఇలాంటివి ఒక పది చదివితే మన రాష్ట్రంలో ఏది ఎక్కువ చెల్లుతోందో నీకే తెలుస్తుంది, కౌన్సెలర్‌తో పనిలేదు.

నువ్వు చూసిన రెండింటికీ కొరిజెండమ్‌లు ఉన్నాయేమో చూసి, సీఈహెచ్ వరుస గురించి ఏమన్నారో ఇక్కడ పెట్టు. రమ్య గారికి కూడా పనికొస్తుంది.

రాజాం_రమ్య

కిరణ్, ఎల్2, ఆడిటర్ వరుసలు కూడా పెట్టు తమ్ముడూ. ఫైలు పెద్దదైతే స్క్రీన్‌షాట్లు చాలు.